ఇత్తడి కొలత గొట్టమా, గ్రెయిన్ స్కేలా: మజిల్‌లోడర్ మందు కొలిచే రెండు సాధనాల రివ్యూ

మజిల్‌లోడర్‌లో, అంటే మూతి వైపు నుంచే మందూ గుండూ కూరే తుపాకీలో, మందు కూరేవాళ్ల చేతిలో కనిపించే కొలత సాధనాలు ప్రధానంగా రెండు. ఒకటి గీతలు చెక్కిన ఇత్తడి గొట్టం, రెండోది డిజిటల్ స్కేలు. మొదటిది ఎంత చోటు నిండిందో కొలుస్తుంది, రెండోది ఎంత తూగిందో చెబుతుంది. రెండూ జవాబు చెప్పేది మాత్రం గ్రెయిన్లలోనే. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఇక్కడ చూస్తున్నది 120 గ్రెయిన్ల దాకా సర్దుకోగలిగే మామూలు ఇత్తడి గొట్టాన్నీ, 0.1 గ్రెయిన్ వరకు చూపించే చిన్న స్కేలునీ. తీర్పు ముందే చెప్పేస్తే: బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్లమందు) కాల్చేవాళ్లు ముందు కొనాల్సింది గొట్టం. స్కేలు ఆ గొట్టం చేసే తప్పులు పట్టుకోవడానికి పనికొస్తుంది. దానికి ప్రత్యామ్నాయమైన బ్లాక్‌హార్న్ 209 మందు వాడేవాళ్లకు మాత్రం స్కేలే ముందు.

గ్రెయిన్ అసలు బరువు కొలతే. పౌండుకి 7000 గ్రెయిన్లు, గ్రాముకి 15.43. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మరి గొట్టం మీద 100 అని ఉన్న గీతకి అర్థమేమిటి? టూ ఎఫ్ (మధ్యరకం గింజ) బ్లాక్ పౌడర్‌ని ఆ గీత దాకా పోస్తే ఇంచుమించు 100 గ్రెయిన్లు తూగుతుందని. అంతకుమించి అది ఇంకేమీ చెప్పదు. అది సుమారు ఆరున్నర సీసీల చోటు. అదే చోటులో వేరే మందు పోస్తే తూకం వేరేగా వస్తుంది, గీత పక్కన అంకె మాత్రం మారదు.

పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయ మందులు వచ్చాక ఇది ప్రమాదం దాకా వెళ్లే విషయమైంది. పైరోడెక్స్ బ్లాక్ పౌడర్ కంటే దాదాపు 30 శాతం తేలిక. గొట్టంలో అదే గీత దాకా పోస్తే అదే పని చేసేలా దాన్ని తయారు చేశారు. 100 గీత దాకా పోసిన పైరోడెక్స్ స్కేలు మీద 70 గ్రెయిన్ల చుట్టుపక్కల తూగుతుంది, అది సరైన మోతాదే. తెలియనివాళ్లు స్కేలు చూసి "తక్కువ పడింది" అనుకుని 100 తూగేదాకా పోస్తే, గొట్టం లెక్కలో అది 140 దాటిపోతుంది. చాలా తుపాకుల తయారీదారులు ఇచ్చే గరిష్ఠ పరిమితిని అది మించిపోతుంది. ట్రిపుల్ సెవెన్ అనే ఇంకో ప్రత్యామ్నాయ మందు కూడా ఘనపరిమాణంతో కొలవాల్సిందే. పైగా అదే గీతకి దాని శక్తి బ్లాక్ పౌడర్ కంటే దాదాపు 15 శాతం ఎక్కువ. కాబట్టి బ్లాక్ పౌడర్ మోతాదుకి సమానం కావాలంటే అంత మేర తగ్గించి కొలవాలి. పైరోడెక్స్ పెల్లెట్ (అచ్చుపోసిన మందు బిళ్ల) మీద రాసిన 50 కూడా ఘనపరిమాణపు లెక్కే. దాన్ని తూచి, తక్కువ వచ్చిందని అనుమానపడాల్సిన పని లేదు. పెల్లెట్లను నలిపి పొడి చేసి కొలవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

బ్లాక్‌హార్న్ సంగతి వేరు. దానికి కంపెనీయే రెండు అంకెలూ ఇస్తుంది: ఘనపరిమాణాన్ని 0.7తో గుణిస్తే తూకం. 100 గీతకి 70 గ్రెయిన్ల తూకం, గరిష్ఠమైన 120కి 84. ఇక్కడ పొరపాటు రెండు వైపులా జరుగుతుంది. ఎవరో "70" అని రాసిపెట్టుకున్నది తూకం అని తెలియక గొట్టాన్ని 70 దగ్గర పెట్టి కొలిస్తే, నిజానికి పడేది 49 గ్రెయిన్లే. మోతాదు చాలక మందు సరిగా అంటుకోదు, గుండు నీరసంగా పోతుంది, తప్పంతా ప్రైమర్ (మందుని అంటించే చిన్న టోపీ) మీదకి తోసేస్తారు. తలకిందులుగా "100" అన్న గొట్టం అంకెని స్కేలు మీద తూస్తే గరిష్ఠాన్ని దాటి 16 గ్రెయిన్లు ఎక్కువ పడుతుంది. అందుకే నోటుబుక్కులో గానీ సీసా మీద గానీ ఉత్త అంకె రాయకూడదు. "100 గొట్టం" అనో "70 తూకం" అనో రాయాలి. మందు పేరు, గింజ సైజు పక్కనే ఉండాలి.

ఇక గొట్టాన్ని దగ్గరగా చూద్దాం. ఇత్తడి పైపు, లోపల కింది నుంచి పైకి జరిగే కడ్డీ, కడ్డీ మీద 5 గానీ 10 గానీ గ్రెయిన్లకి ఒక గీత, పక్కన బిగించే మరసీల, పైన పక్కకి తిరిగే చిన్న గరాటు. ఇత్తడి కాబట్టి రాపిడికి నిప్పురవ్వ లేవదు. మందు గోడలకి అంటుకోదు, ప్లాస్టిక్ గొట్టాల్లో స్థిర విద్యుత్తుతో త్రీ ఎఫ్ (టూ ఎఫ్ కంటే సన్న గింజ) పొడి గోడలకి పట్టేసే బాధ ఇందులో లేదు. కొనేటప్పుడు ఎవరూ పట్టించుకోనిది లోపలి వ్యాసం. ఒక గ్రెయిన్ అంటే సుమారు 0.065 సీసీ. లోపలి వ్యాసం 12 మిల్లీమీటర్లయితే కడ్డీ 0.57 మిల్లీమీటరు కదిలితే ఒక గ్రెయిన్ తేడా. వ్యాసం 16 మిల్లీమీటర్లయితే 0.32 మిల్లీమీటరుకే ఆ తేడా వచ్చేస్తుంది. చెక్కిన గీత మందమే అర మిల్లీమీటరు ఉండే గొట్టాలున్నాయి. అలాంటప్పుడు గీతకి పై అంచు చూశామా, కింది అంచు చూశామా అన్నదే ఒకటిన్నర గ్రెయిన్ అవుతుంది. పొట్టిగా లావుగా ఉన్నదాని కంటే సన్నగా పొడుగ్గా ఉన్న గొట్టం మేలు. సన్న మూతి మీద పొంగు కూడా తక్కువ నిలుస్తుంది.

దీని పెద్ద బలహీనత మరసీల. వేలితో బిగించే సీల ఇత్తడి కడ్డీ మీద పట్టు చిక్కక జారుతుంది. ఒక్కో మోతాదు పోసేటప్పుడు కడ్డీని కింద బల్లకి ఆనిస్తే, ఆ చిన్న ఒత్తిడికే అర మిల్లీమీటరు పైకి జరగొచ్చు. జరిగినట్టు కంటికి తెలియదు. మోతాదు ఖాయమయ్యాక గీత ఎక్కడ ఉందో కడ్డీ మీద సన్నగా గోటితో గీరినట్టు ఒక గుర్తు పెట్టుకోవాలి, ప్రతి నాలుగైదు మోతాదులకీ ఆ గుర్తు చూసుకోవాలి. రెండో బలహీనత గరాటు కీలు. వదులైతే గరాటు తిప్పినప్పుడు మూతిని సమంగా గీయకుండా కాస్త పైకి లేచి తిరుగుతుంది, అడుగున గింజలు నలుగుతాయి. అలాంటి గొట్టం దొరికితే వెనక్కిచ్చేయడమే. కడ్డీకీ గోడకీ మధ్య సందు ఎక్కువగా ఉన్నా అంతే. టూ ఎఫ్ గింజలు 0.6 నుంచి 1.2 మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి కాబట్టి ఆ సందులో దూరవు. త్రీ ఎఫ్‌లో 0.3 మిల్లీమీటర్ల గింజలు కూడా ఉంటాయి, అవి దూరి కడ్డీని బిగదీస్తాయి.

వాడే పద్ధతి సాధనమంత ముఖ్యం. ఫ్లాస్కు నుంచో మందుకొమ్ము నుంచో గరాటులోకి ఒకే ఎత్తు నుంచి, ఒకే ధారగా పోయాలి. గరాటులోకి కాస్త పొంగేదాకా పోసి, గొట్టాన్ని నిటారుగా పట్టుకుని గరాటు పక్కకి తిప్పి తలగొట్టాలి. గొట్టాన్ని తట్టడమా మానడమా అన్నది మీ ఇష్టం, కానీ ఒకసారి తట్టి ఇంకోసారి మానేస్తే పనికిరాదు. తట్టినప్పుడు గింజలు సర్దుకుని కుదురుకుంటాయి, పైన ఖాళీ పడుతుంది, అక్కడ మళ్లీ పోస్తాం. 70 గీత దగ్గర తట్టిన దానికీ తట్టని దానికీ నాలుగైదు గ్రెయిన్ల తేడా సులువుగా వస్తుంది. తట్టాలనుకుంటే గోటితో మూడుసార్లు, ప్రతిసారీ అదే చోట. అసలు తట్టకుండా పోయడమే తేలిక, మరిచిపోయేదేమీ ఉండదు. కొలిచిన మందుని గొట్టం నుంచే బ్యారెల్‌లోకి పోయాలి. ఫ్లాస్కునో కొమ్మునో నేరుగా బ్యారెల్ మూతికి పెట్టకూడదు. లోపల ఆరని నిప్పుకణిక ఒక్కటి మిగిలి ఉన్నా చేతిలో ఉన్న ఫ్లాస్కు మొత్తం అంటుకుంటుంది.

ఈ గొట్టాన్ని ఎంత నమ్మొచ్చో తేల్చుకోవడానికి స్కేలు కావాలి. స్కేలుతో చేయాల్సిన మొట్టమొదటి పని ఇదే, చాలామంది చేయనిదీ ఇదే. గొట్టాన్ని 50 దగ్గర పెట్టి ఒకే పద్ధతిలో పది మోతాదులు పోసి ఒక్కొక్కటీ తూచాలి. తర్వాత 100 దగ్గర పెట్టి ఇంకో పది. పదింటిలో అతి ఎక్కువకీ అతి తక్కువకీ తేడా ఒక గ్రెయిన్ లోపు ఉంటే చేయి కుదిరినట్టే. రెండు దాటితే సాధనాన్ని తిట్టకముందు పోసే తీరు చూసుకోవాలి. ఆ తర్వాత సగటు చూడాలి. 50 దగ్గర సగటు 54, 100 దగ్గర 104 వచ్చిందనుకోండి: రెండు చోట్లా అదే నాలుగు గ్రెయిన్లు ఎక్కువ. అంటే గీతల సున్నా పక్కకి ఉంది, కడ్డీని తప్పు చోట బిగించారు, లేదా మూతి పైన గరాటులో కొంత మందు మిగులుతోంది. కావాల్సిన తూకం కంటే ఎప్పుడూ నాలుగు తక్కువ గీత దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. అలా కాకుండా 54, 108 వచ్చిందనుకోండి: తేడా దామాషాలో పెరుగుతోంది. అప్పుడు గొట్టం వ్యాసం తేడా కావచ్చు, మందే దట్టంగా ఉండొచ్చు. ఇంకో కంపెనీ మందుతో అదే చేసి చూస్తే ఏది కారణమో తేలిపోతుంది. స్విస్ అనే బ్రాండు బ్లాక్ పౌడర్ అదే గీతకి ఎక్కువ తూగుతుంది, వేగం కూడా ఎక్కువే ఇస్తుంది. కాబట్టి డబ్బా మార్చినప్పుడు పాత గీతనే నమ్ముకుని వెళ్లకూడదు. తక్కువ మోతాదు నుంచి మళ్లీ పైకి రావాలి. టూ ఎఫ్ నుంచి త్రీ ఎఫ్‌కి మారినప్పుడు కూడా ఇంతే: సన్న గింజ త్వరగా కాలి ఒత్తిడి పెంచుతుంది కాబట్టి పది శాతం తగ్గించి మొదలుపెట్టడం ఎక్కువమంది పాటించే పద్ధతి. తూచిన మందుని డబ్బాలో తిరిగి పోసేటప్పుడు బల్ల మీద ఇంకో మందు డబ్బా ఉండకూడదు. ఈ ఒక్క నియమం తప్పితే ఇంతసేపు కొలిచిందంతా వృథా.

స్కేలు విషయానికొస్తే, 0.1 గ్రెయిన్ చూపించేది చాలు. గ్రాముల్లో 0.01 చూపించే సాదా పాకెట్ స్కేలైనా 0.15 గ్రెయిన్ దాకా తేడా పట్టుకుంటుంది, బ్లాక్ పౌడర్‌కి అదీ ఎక్కువే. కొన్నాక సరిచూడాల్సింది తెర మీద ఉన్న చిన్న అక్షరాన్ని. గ్రాము, గ్రెయిన్, క్యారెట్, ఔన్స్ అన్నీ ఒకే బటన్ మీద తిరుగుతాయి. 70 క్యారెట్లు అంటే 14 గ్రాములు, అంటే 216 గ్రెయిన్లు. గుట్ట చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి, కానీ మొదటిసారి తూచేవాళ్లకి గుట్ట ఎంత ఉండాలో తెలియదు కదా. దీనికి మంచి విరుగుడు 5 గ్రాముల తూనికరాయి. గ్రెయిన్ మోడ్‌లో అది 77.2 చూపించాలి. మోడ్ సరిగా ఉందా, స్కేలు సరిగా ఉందా అన్న రెండు ప్రశ్నలకీ ఒకే జవాబు దొరుకుతుంది. పైగా ఆ అంకె మామూలు మోతాదులకి దగ్గరలోనే ఉంటుంది. స్కేలుతో వచ్చే పెద్ద రాయితో కాలిబ్రేట్ చేసినా సరే, సరిచూసేది మాత్రం ఈ చిన్న రాయితోనే.

చౌక స్కేళ్లలో ఇంకో లోపం ఉంది, అది తెలియక తికమక పడతారు. పళ్లెంలోకి గింజగింజగా మందు రాలుస్తూ పోతే అంకె కదలదు. ఆ మెల్లని మార్పుని స్కేలు తన సొంత తేడాగా భావించి సున్నా సర్దుకుంటూ పోతుంది. చూపించేది 69.8, ఉన్నది 70.5. చివరి గ్రెయిన్ పోశాక పళ్లేన్ని ఎత్తి మళ్లీ పెడితే నిజమైన అంకె బయటపడుతుంది. స్కేలుని ఆన్ చేసి కాసేపు వేడెక్కనివ్వాలి, ఫ్యాన్ కట్టేయాలి, బల్ల సమంగా ఉండాలి, పళ్లెం ప్లాస్టిక్‌ది కాకపోతే మంచిది. ఖాళీ పళ్లెం తీసినప్పుడు వచ్చే మైనస్ అంకెని ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. తూకాల మధ్యలో పళ్లెం ఎత్తినప్పుడు ఆ అంకె మారితే సున్నా జరిగినట్టు. మైదానంలో స్కేలు దాదాపు పనికిరాదు. చిన్న గాలికే అంకె ఊగుతుంది. తూచేవాళ్లు ఇంటి దగ్గరే తూచి, మూతలున్న చిన్న గొట్టాల్లో పోసి, లేబుల్ అతికించి తెచ్చుకోవాలి.

ఇంత కష్టపడి తూస్తే గురి మెరుగుపడుతుందా? ఏం కాలుస్తున్నారన్నదాన్ని బట్టి. బ్లాక్ పౌడర్ కాలాక దాని బరువులో సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది, బ్యారెల్లో మసిగా పేరుకుంటుంది. ప్యాచ్ (గుడ్డ ముక్క) చుట్టిన గుండ్రటి గుండుని 50 గజాల దగ్గర కాల్చేవాళ్లకి ఒక్కో షాట్‌కీ మారేది ఆ మసి, ప్యాచ్ మందం, గ్రీజు, ర్యామ్‌రాడ్‌తో (మూతి నుంచి దట్టించే కడ్డీతో) గుండుని ఎంత బలంగా దట్టించారన్నది. వీటి ముందు ఒక గ్రెయిన్ మందు కనిపించదు. బ్యారెల్‌ని ప్రతి షాట్‌కీ ఒకేలా తుడిచి, ఒకే ఒత్తిడితో దట్టించేవాడు గొట్టంతో కొలిచినా, తుడవకుండా స్కేలుతో తూచేవాడి కంటే బిగుతైన గ్రూపు (గుండ్లు దగ్గరదగ్గరగా తగలడం) సాధిస్తాడు. బెంచ్ మీద ఆనించి బరువైన స్లగ్ గన్లతో (గురి పోటీల తుపాకులతో) కాల్చేవాళ్లు, దూరం కాల్చేవాళ్లు తూస్తారు. మిగతావన్నీ చక్కబెట్టుకున్నాక వాళ్లకి మిగిలే తేడాల్లో మందు ఒకటి కాబట్టి తూచడంలో అర్థం ఉంది. బ్లాక్‌హార్న్ గింజలు చిన్న గొట్టాల్లా ఉండడంతో గొట్టంలో ఒక్కోసారి ఒక్కోలా పేరుకుంటాయి. అక్కడ తూకానికే నా ఓటు.

కొలత ఎంత కచ్చితంగా ఉన్నా బ్యారెల్లో జరిగేది వేరే కథ. గుండు మందు మీద పూర్తిగా ఆనాలి, మధ్యలో ఖాళీ ఉంటే బ్యారెల్ ఉబ్బడమో పగలడమో జరుగుతుంది. సరిగా దట్టించినప్పుడు ర్యామ్‌రాడ్ ఎంత దిగిందో దాని మీద గుర్తు పెట్టుకోవాలి. 50 క్యాలిబర్‌లో, అంటే అరంగుళం వ్యాసమున్న బ్యారెల్‌లో, 10 గ్రెయిన్ల మందు సుమారు అర సెంటీమీటరు ఎత్తు ఉంటుంది. అంటే ఆ గుర్తు రెండు గ్రెయిన్ల తేడాని పట్టించదు గానీ, రెండుసార్లు మందు పోస్తేనో, అసలు పోయకపోతేనో వెంటనే పట్టిస్తుంది. అది ఏ స్కేలూ చేయలేని పని. ఇంకో మాట: పొగరాని మందు, అంటే ఆధునిక స్మోక్‌లెస్ పౌడర్, తూచినా కొలిచినా మజిల్‌లోడర్‌లోకి వెళ్లకూడదు, ఆ తుపాకీని దానికోసమే తయారు చేశామని తయారీదారు రాసిస్తే తప్ప.

మార్కులు వేస్తే, సన్న వ్యాసంతో సీల గట్టిగా పట్టే ఇత్తడి గొట్టానికి 5కి 4, సీల జారేదానికి 2. స్కేలుకి బ్లాక్ పౌడర్ వాడేవాళ్ల లెక్కలో 3, బ్లాక్‌హార్న్ వాడేవాళ్ల లెక్కలో నాలుగున్నర. గొట్టం వాడాక తుడవకుండా పెట్టేస్తే, చేతి చెమ్మకి అందులోని మందు దుమ్ము తడిసి ఇత్తడిని పచ్చగా తినేస్తుంది. కడ్డీ విప్పి పొడిగుడ్డతో తుడిచి, నూనె రాయకుండా దాచాలి. నూనె రాస్తే తర్వాతి మోతాదు గోడలకే అంటుకుంటుంది.

మోతాదు ఒకసారి ఖాయమైపోతే సర్దుకునే గొట్టం అవసరం తీరినట్టే. అదే కొలతకి సరిపోయే ఇత్తడి ముక్కనో కొమ్ము ముక్కనో తొలిపించుకుంటే, మరసీల లేదు, జారే కడ్డీ లేదు. తొలిచేటప్పుడు లోతు కాస్త తక్కువగా మొదలుపెట్టి, పోసి తూచి చూస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. ఎక్కువ తొలిస్తే వెనక్కి వెళ్లే దారి లేదు. తొలిచాక మందు పేరు, గింజ సైజు, కొలత మూడూ దాని మీదే చెక్కించండి.